సీఓటూతో మొక్కల నూనె తీయడం: పదేపదే వచ్చే డౌట్లు, జవాబులు

మిర్చి, పసుపు, సొంఠి, విత్తనాలు, ఆకులు ఇలా దేన్నుంచైనా సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌తో నూనె తీద్దామని మొదలుపెట్టేవాళ్ళ డౌట్లు తిరిగి తిరిగి అవే వస్తాయి, ప్రాజెక్ట్ చేస్తున్న ఎంటెక్ పిల్లలైనా సరే, గుంటూరు వైపు ఓలియోరెజిన్ (మసాలా నుంచి తీసే వాసన, కారం, రంగు కలిసిన చిక్కటి నూనె) యూనిట్ పెడదామనుకునేవాళ్ళైనా సరే. ప్రతిసారీ టైప్ చేసే బదులు ఒకచోట పెట్టేశా. ఏ ప్రశ్న కావాలో అది చూసుకోండి, వరసగా చదవక్కర్లేదు. కార్బన్ డయాక్సైడ్ అని ప్రతిసారీ రాయలేను కాబట్టి సీఓటూ అనే అంటా. ఉదాహరణలు ఎక్కువగా మిర్చి, పసుపు మీదే ఉంటాయి.

## మొదలుపెట్టే ముందు

సూపర్‌క్రిటికల్ అంటే గ్యాసా, లిక్విడా? సింపుల్‌గా చెప్పండి

రెండూ కాదు. సీఓటూని 31 డిగ్రీలు, 74 బార్ రెండూ దాటిస్తే గ్యాస్‌కీ లిక్విడ్‌కీ మధ్య గీత చెరిగిపోతుంది. అప్పుడది లిక్విడ్‌లాగా నూనెని కరిగిస్తుంది, గ్యాస్‌లాగా పొడి లోపలి సందుల్లోకి దూరుతుంది, ప్రెషర్ తగ్గించగానే గ్యాసై పోయి నూనెని వదిలేస్తుంది. ఈ క్రిటికల్ పాయింట్ సంగతి 1869లోనే థామస్ ఆండ్రూస్ సీఓటూ మీదే తేల్చాడు గానీ, ఫ్యాక్టరీల దాకా వచ్చింది మాత్రం జర్మనీలో కర్ట్ జోసెల్ 1960ల్లో చేసిన పని తర్వాతే, అది కూడా కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీయడానికి.

హెక్సేన్‌తో చవగ్గా అయిపోతుంటే ఇదెందుకు సార్?

చవక నూనె కావాలంటే ఇది వద్దే వద్దు. తవుడు నూనె, సోయా నూనె టన్నుల లెక్కన తీసేవాళ్ళకి హెక్సేన్‌తో (నూనెని కరిగించే పెట్రోలియం సాల్వెంట్) పోటీపడే లెక్క ఇక్కడ తేలదు. కేజీ రేటు వేలల్లో పలికే సరుకుకే సీఓటూ: మసాలా ఎక్స్‌ట్రాక్టులు, ఫ్లేవర్లు, పెర్ఫ్యూమ్ నూనెలు, న్యూట్రాస్యూటికల్స్. వాటిలో సాల్వెంట్ మిగలకపోవడమే పెద్ద ప్లస్. అమెరికాలో మసాలా ఓలియోరెజిన్‌లో హెక్సేన్ 25 పీపీఎం (పది లక్షల్లో 25 భాగాలు) దాటకూడదు, అంత కిందికి దించాలంటే వేడి, వ్యాక్యూమ్ పెట్టాలి, ఆ గోలలో తేలికపాటి వాసనలు కూడా ఎగిరిపోతాయి. సీఓటూ దానంతటదే వెళ్ళిపోతుంది కాబట్టి ఆ బాధ లేదు.

ఏ సరుకుకి పనికొస్తుంది, దేనికి దండగ?

సీఓటూ నాన్‌పోలార్, అంటే నూనె జాతి వాటినే ఇష్టపడుతుంది. వాసన నూనెలు, ట్రైగ్లిజరైడ్లు, మైనాలు, మిర్చి కారం, అల్లం జింజరాల్స్ బాగా వస్తాయి. చక్కెరలు, ప్రోటీన్లు, టానిన్లు, ఉప్పులు రావు. మిరియాలు, యాలకులు, సొంఠి, వట్టివేరు లాంటివి మంచి క్యాండిడేట్లు, ముఖ్యంగా వట్టివేరు, ఆవిరి మీద గంటలు గంటలు ఉడికించాల్సిన సరుకు అది. నువ్వులు, పల్లీ లాంటి 40 శాతం పైన నూనె ఉండేవాటిని నేరుగా వెసెల్‌లో (పొడి నింపి సీఓటూ పంపే ప్రెషర్ పాత్ర) పోయడం నాకైతే నచ్చదు, ముందు గానుగ ఆడించి చాలావరకు తీసేయండి, మిగిలిన చెక్కకి సీఓటూ గిట్టుబాటు అవుతుందో లేదో అప్పుడు లెక్క వేయండి.

పసుపు నుంచి కర్క్యుమిన్ తీయాలి, ఎంత ప్రెషర్ పెట్టాలి?

నెలకోసారైనా వచ్చే ప్రశ్న ఇది. ఎంత పెట్టినా ఒట్టి సీఓటూతో చెప్పుకోదగ్గ కర్క్యుమిన్ రాదు, అది పోలార్ మాలిక్యూల్. వచ్చేదల్లా టర్మెరోన్లు ఎక్కువగా ఉండే పసుపు నూనె, మంచి వాసనతో. నిజామాబాద్ కొమ్ములైనా దుగ్గిరాల కొమ్ములైనా ఇదే కథ. తెలివైన పద్ధతి ఏంటంటే ముందు సీఓటూతో నూనె తీసేసి, మిగిలిన పిప్పిని ఇథనాల్‌తోనో ఇథైల్ ఎసిటేట్‌తోనో కడిగి కర్క్యుమిన్ తీయడం. నూనె ముందే పోయింది కాబట్టి కర్క్యుమిన్ క్రిస్టల్స్ శుభ్రంగా పడతాయి, రెండు ప్రొడక్టులు అమ్ముకోవచ్చు. కర్క్యుమిన్ ఒక్కటే కావాలి, నూనె అక్కర్లేదు అంటే మాత్రం సీఓటూ మెషిన్ కొనకండి.

## సరుకు రెడీ చేసుకునేటప్పుడు

ఎంత సన్నగా పొడి కొట్టాలి? సన్నగా ఉంటే ఎక్కువ వస్తుంది కదా?

ఒక హద్దు వరకే. నూనె మొక్క కణాల లోపల, చిన్న చిన్న సంచుల్లో ఉంటుంది, పొడి కొట్టడం అంటే ఆ సంచులు పగలగొట్టడం. పగిలినవాటిలోది గబగబా వచ్చేస్తుంది, పగలనివాటిలోది మెల్లగా ఊరుతూ రావాలి, అదే మీ రన్ టైమ్‌ని తినేసేది. కానీ మైదాలాగా కొడితే ప్రెషర్ కింద పొడి గట్టిగా అతుక్కుపోయి, సీఓటూ ఎక్కడో ఒక సందు చూసుకుని అందులోంచి జారిపోతుంది, మిగతా పొడిని ముట్టుకోదు. ఫిల్టర్ కాఫీలో పొడి మరీ మెత్తగా ఉంటే డికాక్షన్ దిగనట్టే. మామూలుగా 0.3 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య మొదలుపెట్టండి. యావరేజ్ సైజు ఒక్కటే చూడకండి, జల్లెడ పట్టి కింద రాలే దుమ్ము ఎంతుందో కూడా చూడండి, అసలు సమస్య ఆ దుమ్ముతోనే. నా దృష్టిలో ప్రెషర్ నాబ్ ముట్టుకునే ముందు సరిచేయాల్సిన మొదటి విషయం ఇదే, అందరూ ఆఖరికి చూసేది కూడా ఇదే.

వెసెల్‌లో పొడి దంచి నింపాలా, వదులుగా పోయాలా?

వదులుగా కాదు, దంచీ కాదు. కొంచెం పోసి తట్టి, మళ్ళీ కొంచెం పోసి తట్టి, సమానంగా. ప్రతి రన్‌కీ అదే బరువు, అదే ఎత్తు రావాలి, లేకపోతే మీ రీడింగులు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు. పొడి అతుక్కునే రకం అయితే గాజు పూసలు కలపండి.

తేమ ఎంతుండాలి?

చాలా సరుకులకి 5 నుంచి 12 శాతం మధ్య ఉంటే ఇబ్బంది లేదు. ఎక్కువుంటే నీళ్ళు నూనెకీ సీఓటూకీ మధ్య అడ్డం పడతాయి, పైగా కొంత నీరు సీఓటూతో పాటు వచ్చి మీ బాటిల్‌లో పడుతుంది. సీఓటూ నీళ్ళలో కరిగితే పీహెచ్ 3 దగ్గరికి దిగుతుంది, పులుపుకి పాడయ్యే సరుకుకి అది దెబ్బ. అలాగని ఓవెన్‌లో పెట్టి ఎండగొట్టేస్తే ఆకుల వాసన నూనె ఓవెన్‌లోనే పోతుంది. నీడలో ఆరబెట్టండి, లేదా 40 డిగ్రీల లోపు గాలి కొట్టండి.

పొడి కొట్టేటప్పుడే గది నిండా వాసన, నూనె అక్కడే పోతోందా?

అవును, మీ ముక్కుకి తగిలిన ప్రతిదీ మీ బాటిల్‌లోకి రావాల్సిందే. మర వేడెక్కుతుంది, యాలకులు, మిరియాల్లో తేలికవి ముందు ఎగిరిపోతాయి. లిక్విడ్ నైట్రోజన్‌తో క్రయో గ్రైండింగ్ చేస్తే బెస్ట్, అంత సీన్ లేకపోతే సరుకుని ఫ్రీజర్‌లో పెట్టి కొంచెం కొంచెంగా, ఆపి ఆపి కొట్టండి, కొట్టిన రోజే వెసెల్‌లో వేసేయండి.

మిర్చి తొడిమలు, గింజలు తీసేయాలా?

తొడిమలు ఖచ్చితంగా తీసేయండి, జాగా తినడం తప్ప వాటివల్ల ఉపయోగం లేదు. గింజల సంగతి మీకేం కావాలో దాన్నిబట్టి. కారం తయారయ్యేది గింజలో కాదు, గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్ల ఈనెలో, గింజలో ఉండేది మామూలు కొవ్వు నూనె. గింజలతో సహా తీస్తే బరువు బాగా వస్తుంది, చూడ్డానికి దిగుబడి బ్రహ్మాండం, కానీ కారం, రంగు రెండూ పలచబడతాయి. కొనేవాళ్ళు కాప్సైసిన్ (కారం పదార్థం) శాతానికీ కలర్ వాల్యూకీ డబ్బులిస్తారు, గింజ నూనె బరువుకి కాదు. ఒకటే గమ్మత్తు, కొంచెం కొవ్వు నూనె ఉంటే రంగు పదార్థాలు బయటికి రావడానికి అది సాయం చేస్తుంది, అందుకే మొత్తం తీసేయకుండా కొంత ఉంచి ట్రయల్ వేసేవాళ్ళు కూడా ఉన్నారు.

## ప్రెషర్, టెంపరేచర్ సెట్ చేసేటప్పుడు

ప్రెషర్ ఎంత పెంచితే అంత నూనె వస్తుందా?

కరిగించే శక్తి పెరుగుతుంది, కానీ పెరిగేది ప్రెషర్ వల్ల నేరుగా కాదు, డెన్సిటీ వల్ల. 40 డిగ్రీల దగ్గర 100 బార్‌లో సీఓటూ డెన్సిటీ క్యూబిక్ మీటర్‌కి దాదాపు 630 కేజీలు, 300 బార్‌లో దాదాపు 910. అదే 100 బార్ ఉంచి 60 డిగ్రీలకి వెళ్తే 290కి పడిపోతుంది, అంటే ప్రెషర్ మారకుండానే సాల్వెంట్ సగానికి పైగా నీరసపడిపోయింది. అందుకే నోట్‌బుక్‌లో ప్రెషర్, టెంపరేచర్ పక్కన డెన్సిటీ అని ఒక కాలమ్ పెట్టండి, అర్థం కాని రిజల్ట్స్ చాలావరకు ఆ కాలమ్ చూస్తే అర్థమైపోతాయి. ఇంకో విషయం, శక్తి పెరిగేకొద్దీ సెలెక్టివిటీ పోతుంది. 400 బార్‌లో నూనెతో పాటు మైనం, ఆకుపచ్చ రంగు, ఇంకా మీరు అడగనివన్నీ వస్తాయి.

టెంపరేచర్ పెంచితే ఒక పేపర్‌లో యీల్డ్ పెరిగింది, ఇంకోదాంట్లో తగ్గింది, ఎవరిది కరెక్ట్?

ఇద్దరిదీ కరెక్టే అయ్యుంటుంది, వేరే వేరే ప్రెషర్లలో చేసుంటారు. టెంపరేచర్ పెంచితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: సీఓటూ డెన్సిటీ తగ్గి కరిగించే శక్తి పడిపోతుంది, ఇంకోపక్క నూనె ఆవిరి ఒత్తిడి పెరిగి అది తేలిగ్గా బయటికి వస్తుంది. తక్కువ ప్రెషర్‌లో మొదటిది గెలుస్తుంది, ఎక్కువ ప్రెషర్‌లో రెండోది. రెండూ సరిసమానమయ్యే చోటుని క్రాసోవర్ ప్రెషర్ అంటారు. సోయా లాంటి విత్తన నూనెలకి అది సుమారు 300 బార్ చుట్టుపక్కల ఉంటుంది. లెక్క ప్రకారం 200 బార్‌లో 40 నుంచి 60 డిగ్రీలకి వెళ్తే కరిగేది దాదాపు సగమవుతుంది, 300 దగ్గర పెద్ద తేడా కనపడదు, 500 దగ్గర 60 డిగ్రీలదే పైచేయి. వాసన నూనెలకి క్రాసోవర్ వేరే చోట ఉంటుంది కాబట్టి విత్తనం పేపర్ చూసి ఆకుకి సెట్టింగ్ పెట్టకండి.

ఆకులు, పూల వాసన నూనెకి మంచి స్టార్టింగ్ పాయింట్ చెప్పండి

90 నుంచి 120 బార్, 40 నుంచి 50 డిగ్రీలు. వాసన పదార్థాలు చిన్న మాలిక్యూల్స్, అంతకి మించి బలం అక్కర్లేదు. 300 బార్ పెట్టి తులసి తీసి, నూనె పచ్చగా ముద్దగా వచ్చిందని అడిగేవాళ్ళు చాలామంది.

మిర్చిలో కారం వేరుగా, రంగు వేరుగా తీయొచ్చా?

పూర్తిగా వేరు చేయలేరు, కానీ చాలావరకు చేయొచ్చు, సీఓటూ మజా అంతా ఇక్కడే ఉంది. కారం పదార్థాలు (కాప్సైసినాయిడ్లు), వాసన తక్కువ ప్రెషర్‌కే కదులుతాయి. ఎరుపు రంగునిచ్చే కాప్సాంథిన్ లాంటి కెరోటినాయిడ్లు పెద్ద మాలిక్యూల్స్, సీఓటూలో కరగడమే తక్కువ, వాటికి ఎక్కువ డెన్సిటీ, ఎక్కువ సీఓటూ కావాలి. కాబట్టి అదే పొడిని వెసెల్‌లోంచి తీయకుండా రెండు స్టేజీలు చేయండి: మొదట 150 నుంచి 200 బార్ మధ్య కారం ఎక్కువున్న భాగం, తర్వాత 350, 400 పైకి వెళ్ళి రంగు ఎక్కువున్న భాగం. ఎక్కడ మార్చాలో మీ సరుకే చెప్పాలి, అరగంటకో బాటిల్ మార్చి ప్రతిదాంట్లో కారం, రంగు రెండూ కొలవండి. వెరైటీ కూడా చూసుకోండి. తేజ కారానికి, చపాటా రంగుకి, బ్యాడిగి కూడా రంగుకే. తేజ తెచ్చి రంగు రాలేదనడం సీఓటూ తప్పు కాదు.

ఇథనాల్ ఎంత కలపాలి? అందరూ 10 శాతం అంటున్నారు

ముందు అసలు కావాలా అని ఆలోచించండి. కావాల్సింది నూనె, వాసన, కారం అయితే అక్కర్లేదు. రంగుకి, ఫినాలిక్స్‌కి, కొంచెం పోలార్ వాటికి 5 నుంచి 10 శాతం బాగా పనిచేస్తుంది. కానీ కలిపిన క్షణం నుంచి మీ ప్రొడక్ట్ సాల్వెంట్ లేని ప్రొడక్ట్ కాదు, ఇథనాల్ తీసేయడానికి మళ్ళీ వ్యాక్యూమ్ కింద వేడి చేయాలి, అక్కడ కొంత వాసన పోతుంది. పైగా మన దగ్గర ఇథనాల్ కొనాలన్నా నిల్వ పెట్టాలన్నా ఎక్సైజ్ పర్మిట్ గొడవ ఉంది, చిన్న యూనిట్లకి అదే పెద్ద తలనొప్పి.

## రన్ నడుస్తున్నప్పుడు

రన్ ఎప్పుడు ఆపాలి? రెండు గంటలా, నాలుగు గంటలా?

గంటల్లో ఆలోచించకండి, కేజీ సరుకుకి ఎన్ని కేజీల సీఓటూ పోయిందో ఆ లెక్కలో ఆలోచించండి. అడ్డంగా సీఓటూ, నిలువుగా నూనె పెట్టి గీత గీస్తే మొదట నిటారుగా లేస్తుంది, అది పగిలిన కణాల్లోంచి తేరగా వచ్చే నూనె. తర్వాత వంగుతుంది, ఆఖర్లో దాదాపు పడుకుంటుంది, అప్పుడు వచ్చేది పగలని కణాల్లోంచి ఊరేది. వంపు తర్వాత ప్రతి అదనపు గ్రాముకి ఎంత కరెంటు పోతోందో చూసి ఆపేయండి. చాలా సరుకులకి 85, 90 శాతం నూనె దగ్గర ఆపడమే లాభం. మినిమమ్ ఎంత కావాలో అంచనా కూడా ఈజీ: 300 బార్, 40 డిగ్రీల్లో కేజీ సీఓటూ సోయా లాంటి నూనెని 7, 8 గ్రాములే మోస్తుంది, 20 శాతం నూనె ఉన్న కేజీ విత్తనంలో 200 గ్రాములుంటుంది, అంటే ఎంత బాగా నడిపినా 25 కేజీల పైన సీఓటూ తిరగాల్సిందే. అరగంటలో అయిపోవాలి అనేవాళ్ళకి ఈ లెక్క చూపించండి.

ఫ్లో రేట్ పెంచితే త్వరగా అయిపోతుందా?

ఒక చిన్న టెస్ట్ ఉంది. అదే ప్రెషర్, టెంపరేచర్‌లో ఒక రన్ మామూలు ఫ్లోతో, ఇంకో రన్ సగం ఫ్లోతో చేయండి. రెండిటికీ సీఓటూ కేజీలు అడ్డంగా, నూనె నిలువుగా పెట్టి ఒకే పేపర్ మీద గీయండి. రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడితే సీఓటూ నిండుగా నూనె మోసుకుని బయటికి వస్తోందని అర్థం, ఫ్లో పెంచితే టైమ్ తగ్గుతుంది. ఎక్కువ ఫ్లో గీత కిందికి పడితే సీఓటూ ఖాళీ చేతులతో వెళ్ళిపోతోంది, నూనె లోపలినుంచి రావడమే లేటు, అక్కడ ఫ్లో పెంచడం కరెంటు దండగ. రెండో కేసులో మళ్ళీ మర దగ్గరికే వెళ్ళాలి, ఇంకొంచెం సన్నగా.

స్టాటిక్ టైమ్ ఇవ్వాలా?

వాల్వ్ మూసి నానబెట్టడం అన్నమాట. ఇథనాల్ వాడే చిన్న ల్యాబ్ రన్లలో 15, 20 నిమిషాలు ఉపయోగమే. పెద్ద వెసెల్‌లో మామూలు నూనెకి పెద్ద తేడా కనపడదు.

ఎండాకాలంలో పంపు సీఓటూ లాగట్లేదు, సిలిండర్ ఫుల్లే, ఏమైంది?

ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు, విజయవాడ, ఖమ్మం వైపు వచ్చే స్పెషల్ ప్రశ్న. గది 31 డిగ్రీలు దాటితే సిలిండర్‌లో లిక్విడ్ అనేదే మిగలదు, లోపలుంది కూడా సూపర్‌క్రిటికలే. డిప్‌ట్యూబ్ (అడుగునున్న లిక్విడ్‌ని పైకి లాగే లోపలి గొట్టం) ఉన్న సిలిండర్ అయినా లాభం లేదు, పంపుకి చిక్కటి చల్లటి లిక్విడ్ కావాలి, వెచ్చటిది వెళ్తే పంపు ఉత్తినే ఆడుతుంది. సిలిండర్ని ఏసీ గదిలో పెట్టండి, పంపు ముందు చిల్లర్‌ని 0 నుంచి 5 డిగ్రీల దగ్గర ఉంచండి, పంపు హెడ్ కూడా చల్లబరచండి, మధ్యలో పైపుకి ఇన్సులేషన్ కట్టండి. ఎండలో పెట్టిన నిండు సిలిండర్ ప్రెషర్ 100 బార్ దాటొచ్చు కాబట్టి బయట షెడ్‌లో నిలబెట్టడం సేఫ్టీ పరంగా కూడా మంచిది కాదు.

వాల్వ్ దగ్గర మంచు కట్టి ఫ్లో ఆగిపోతోంది

ప్రెషర్ ఒక్కసారిగా పడితే సీఓటూ విపరీతంగా చల్లబడుతుంది, డ్రై ఐస్ కూడా కట్టొచ్చు, దానికి తోడు నూనెలోని మైనం, తేమ అక్కడే గడ్డకడతాయి. వాల్వ్‌కి హీటింగ్ పెట్టండి, 60, 80 డిగ్రీలదాకా మామూలే, తేమ తగ్గించండి, ప్రెషర్‌ని ఒకే వాల్వ్‌లో కాకుండా రెండు మెట్లలో దించండి. మిరియాలు తీస్తుంటే పైపెరిన్ (మిరియాల ఘాటు పదార్థం) క్రిస్టల్స్ కూడా అడ్డం పడతాయి, వేడి చేసినా పోకపోతే లైన్‌లో ఇథనాల్ పంపి కడగాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, మూసుకుపోయిన లైన్‌ని ప్రెషర్ ఉండగా స్పానర్‌తో విప్పకండి.

## నూనె చేతికొచ్చాక

వాసన నూనె అనుకుంటే మైనం ముద్దలా వచ్చింది

ఆకుల పైపూత మైనం అది. ప్రెషర్ తగ్గించినా కొంత వస్తూనే ఉంటుంది, ఎందుకంటే అది ఆకు పైనే ఉంటుంది, నూనె కంటే ముందు సీఓటూకి దొరుకుతుంది. వెసెల్‌లో ఆపలేనిది సెపరేటర్‌లో (వెసెల్ తర్వాత ప్రెషర్ దించి సీఓటూ నుంచి నూనెని వేరుచేసే పాత్ర) ఆపండి. మొదటి సెపరేటర్‌ని 80, 90 బార్ దగ్గర ఉంచి సున్నా చుట్టుపక్కలకి, వీలైతే ఇంకా కిందికి చల్లబరిస్తే మైనం అక్కడ పడిపోతుంది, వాసన నూనె సీఓటూతో పాటు రెండో సెపరేటర్‌కి వెళ్ళి తక్కువ ప్రెషర్‌లో దిగుతుంది. ఒకే సెపరేటర్ ఉన్న మెషిన్ కొనేముందు ఇది ఆలోచించుకోండి. నన్నడిగితే ఎక్స్‌ట్రాక్టర్ ఇంకో 100 బార్ ఎక్కువ తట్టుకునే మెషిన్ కంటే రెండు మంచి సెపరేటర్లున్న మెషిన్ మేలు.

నూనె తెల్లగా మజ్జిగలా ఉంది

నీళ్ళు కలిశాయి. సెంట్రిఫ్యూజ్ చేయండి, యీల్డ్ లెక్క వేసేముందు కార్ల్ ఫిషర్ టెస్ట్‌తో నీటి శాతం చూసి తీసేయండి, లేకపోతే మీరు రాసే యీల్డ్‌లో నూనెతో పాటు నీళ్ళు కూడా ఉంటాయి.

పొడి బరువు తగ్గినంత నూనె బాటిల్‌లో కనపడట్లేదు

కొంత తేమ, కొంత పైపుల గోడలకి అంటుకున్నది, మిగతాది సీఓటూతో పాటు బయటికి పోయిన వాసన. ల్యాబ్ మెషిన్లలో సీఓటూని నేరుగా గాల్లోకి వదిలేస్తాం కాబట్టి తేలిక టెర్పీన్లు దానితో పోతాయి. బయటికెళ్ళే పైపు చివర ఐస్, ఉప్పు కలిపిన చల్లటి ట్రాప్ పెట్టండి, రన్ అయ్యాక లైన్లు ఇథనాల్‌తో కడిగి అది కూడా లెక్కలో కలపండి. చిన్న వెసెల్‌తో చేసేవాళ్ళకి గోడలకి అంటుకునేదే రిజల్ట్‌ని మార్చేస్తుంది.

సీఓటూతో తీస్తే పురుగుమందులు రావు కదా?

వస్తాయి. ఈ అపోహ ఎక్కడ మొదలైందో గానీ అమ్మేవాళ్ళు కూడా చెప్పేస్తున్నారు. మిర్చి మీద కొట్టే మందుల్లో చాలావాటికి నూనెలో కరిగే గుణం ఉంటుంది, సీఓటూ వాటిని కూడా శుభ్రంగా లాక్కొస్తుంది, పైగా పది కేజీల మిర్చి ఒక కేజీ ఓలియోరెజిన్ అయితే మందు కూడా ఆ మేరకు చిక్కబడుతుంది. ఎగుమతి ఆలోచన ఉంటే మిర్చి కొనేముందే రెసిడ్యూ టెస్ట్ చేయించండి, తీశాక చేయించి ఏడ్వడం కంటే.

విత్తన నూనె హెక్సేన్ నూనె కంటే త్వరగా ర్యాన్సిడ్ అవుతోంది, ఎందుకు?

విత్తన నూనెలో జిగురులా ఉండే ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులు సీఓటూలో దాదాపు కరగవు. అందుకే నూనె లేత రంగులో, జిగురు తీసే పని (డీగమ్మింగ్) అక్కర్లేకుండా వస్తుంది, కానీ నూనెలోని విటమిన్ ఈకి తోడుగా ఉండి ఆక్సిడేషన్ ఆపేవి కూడా అవే. నైట్రోజన్ కొట్టి, ముదురు రంగు సీసాలో, చల్లగా ఉంచండి.

## ట్రయల్స్ ప్లాన్ చేసేటప్పుడు

బాక్స్ బెన్‌కెన్ పెట్టాను, ప్రెషర్, టెంపరేచర్, టైమ్ మూడు ఫ్యాక్టర్లు, ఓకేనా?

బాక్స్ బెన్‌కెన్ అంటే తక్కువ రన్లతో కొన్ని ఫ్యాక్టర్ల ప్రభావం తేల్చే ట్రయల్ ప్లాన్. చాలా థీసిస్‌లలో ఉండేది ఇదే, 15 లేదా 17 రన్లు. కానీ టైమ్‌ని ఫ్యాక్టర్‌గా పెట్టడం రన్లు వేస్ట్ చేయడం. ఒక రన్‌లో మధ్యమధ్యలో బాటిల్ మారుస్తూ పోతే అన్ని టైమ్‌లూ ఆ ఒక్క రన్‌లోనే దొరుకుతాయి కదా. ఆ ఖాళీలో పొడి సైజునో ఇథనాల్ శాతాన్నో పెట్టండి. ఇంకోటి, రేంజ్ పెట్టేటప్పుడు క్రాసోవర్ ఎక్కడుందో ఒకటి రెండు ట్రయల్స్ వేసి చూసుకోండి, క్రాసోవర్ మీకు తెలియకుండా రేంజ్ మధ్యలో పడితే టెంపరేచర్‌కి ఎఫెక్ట్ లేదని సాఫ్ట్‌వేర్ చెప్తుంది, మీరు నమ్మేస్తారు. మెషిన్ రోజురోజుకీ మారుతుంది కాబట్టి సెంటర్ పాయింట్లు (ఫ్యాక్టర్లన్నీ మధ్య విలువలో ఉంచి మళ్ళీ మళ్ళీ చేసే రన్లు) అన్నీ ఒకే రోజు చేయకుండా మధ్యమధ్యలో చల్లండి.

నా ఆప్టిమమ్ ఎప్పుడూ హై ప్రెషర్ చివరికే వస్తోంది

యీల్డ్ ఒక్కటే రెస్పాన్స్‌గా (కొలిచే ఫలితంగా) పెడితే అలాగే వస్తుంది, ఎక్కువ డెన్సిటీలో ఎక్కువ కరుగుతుంది అని సాఫ్ట్‌వేర్ మీకు తిరిగి చెప్పినట్టు. అది ఆప్టిమమ్ కాదు, మీ మెషిన్ లిమిట్. రెస్పాన్స్‌ని మార్చండి: మిర్చి అయితే ఎక్స్‌ట్రాక్ట్‌లో కాప్సైసిన్ శాతం, దాని రికవరీ, వాడిన సీఓటూ కేజీలు. ఈ మూడు ఒకదాన్నొకటి లాగుతాయి కాబట్టి అసలు ఆప్టిమమ్ మధ్యలో ఎక్కడో దొరుకుతుంది. ప్లాంటు పెట్టేవాళ్ళైతే నేరుగా రూపాయల్లో పెట్టండి, బ్యాచ్‌కి అమ్మకం ఎంత, కరెంటు, సీఓటూ, లేబర్ ఎంత అని.

సాక్స్‌లెట్ కంటే తక్కువ వచ్చింది, ఫెయిల్ అయినట్టేనా?

కాదు. సాక్స్‌లెట్ అనే ల్యాబ్ పరికరంలో హెక్సేన్ పొడిని గంటల తరబడి వేడిగా కడుగుతుంది, సీఓటూ వదిలేసే ఫాస్ఫోలిపిడ్లు, గమ్‌లు కూడా దాని బరువులో ఉంటాయి. బరువు కాదు, మీకు కావాల్సిన పదార్థం రెండిటిలో ఎంతొచ్చిందో పోల్చండి.

## పెద్ద ప్లాంటు, ఖర్చు, సేఫ్టీ

ల్యాబ్ రిజల్ట్‌ని పెద్ద వెసెల్‌కి ఎలా తీసుకెళ్ళాలి?

మొదటి అంచనాకి కేజీ సరుకుకి ఎన్ని కేజీల సీఓటూ అన్నది, ఎంత టైమ్‌లో అన్నది రెండూ అలాగే ఉంచండి. ల్యాబ్‌లో చూసిన ఫ్లో టెస్టులో నూనె ఊరడమే లేటని తేలిన సరుకుకి టైమ్ ముఖ్యం, కరగడమే లిమిట్ అయిన సరుకుకి సీఓటూ నిష్పత్తి ముఖ్యం. వెసెల్ పొడవు వెడల్పుకి ఐదింతల చుట్టుపక్కల ఉండేలా చూసుకుంటారు సాధారణంగా. పెద్ద వెసెల్‌లో కింది పొడి నొక్కుకుపోయి, మధ్యలో వేడి సరిగ్గా చేరక ల్యాబ్‌లో లేని సమస్యలొస్తాయి, అందుకే మధ్యలో పైలట్ మెట్టు ఒకటి ఎక్కండి, నేరుగా దూకకండి.

సీఓటూ ఎంత పోతుంది, కరెంటు బిల్లు ఎక్కడ ఎక్కువ?

సీఓటూ లూప్‌లో తిరుగుతూనే ఉంటుంది, పోయేది ఎక్కువగా వెసెల్ తెరిచేటప్పుడే. సెపరేటర్ ప్రెషర్ దాకా వెనక్కి లాక్కున్నాక, అంటే 50 బార్ అనుకుంటే, వంద లీటర్ల వెసెల్‌లో 60 లీటర్ల ఖాళీ జాగాలో ఇంకా 6, 7 కేజీలు మిగులుతుంది, బ్యాచ్‌కి పోయేది అంత. కరెంటు విషయానికొస్తే చాలామంది పంపు గురించే భయపడతారు, నిజానికి సీఓటూని ప్రతి చక్కర్‌లో ఆవిరి చేసి మళ్ళీ చల్లార్చి లిక్విడ్ చేయడానికే ఎక్కువ పోతుంది. ఒక వెసెల్ నింపుతుండగా ఇంకోటి నడిచేలా రెండు మూడు వెసెల్స్ పెట్టుకుంటే మెషిన్ ఖాళీగా ఉండదు.

పర్మిషన్లు ఏం కావాలి?

సిలిండర్లకి గ్యాస్ సిలిండర్స్ రూల్స్ 2016, వెయ్యి లీటర్లు దాటిన లిక్విడ్ ట్యాంకు పెడితే ఎస్‌ఎంపీవీ రూల్స్ 2016, రెండూ నాగ్‌పూర్ హెడ్డాఫీసుగా ఉన్న పెసో (పేలుడు పదార్థాలు, ప్రెషర్ గ్యాసుల భద్రత చూసే కేంద్ర సంస్థ) చూస్తుంది. తినే సరుకు కాబట్టి ఫసాయ్ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) లైసెన్స్, ప్రెషర్ వెసెల్స్‌కి ఫ్యాక్టరీల శాఖ వాళ్ళ టెస్టులు. యూరప్‌కి పంపేవాళ్ళకి ఒక ఊరట, 2009 నాటి వాళ్ళ సాల్వెంట్ డైరెక్టివ్‌లో సీఓటూ అన్ని వాడకాలకీ అనుమతి ఉన్న లిస్టులో ఉంది.

పేలుతుందేమో అని భయం, ఏం చూసుకోవాలి?

ప్రెషర్ వైపు రప్చర్ డిస్క్, సేఫ్టీ వాల్వ్, లోపల ప్రెషర్ ఉండగా మూత తెరుచుకోకుండా ఇంటర్‌లాక్, ఈ మూడు లేని మెషిన్ చవగ్గా వచ్చినా తీసుకోకండి. ఓ-రింగులు సీఓటూని పీల్చుకుని ప్రెషర్ గబుక్కున దించితే లోపలినుంచి పగిలిపోతాయి, కాబట్టి మెల్లగా దించండి, స్పేర్లు ఎప్పుడూ దగ్గరుంచుకోండి. కానీ నిశ్శబ్దంగా ప్రాణం తీసేది పేలుడు కాదు, లీకు. సీఓటూకి వాసన ఉండదు, గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలమీద, గుంటల్లో, కింది గదుల్లో పేరుకుంటుంది. ఎనిమిది గంటల పనికి లిమిట్ 5,000 పీపీఎం, 40,000 పీపీఎం అంటే వెంటనే ప్రాణానికి ప్రమాదం. డిటెక్టర్‌ని మోకాలి ఎత్తులో పెట్టండి, సీలింగ్ దగ్గర కాదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా కిందే. ఎవరైనా కింద పడిపోతే గాలి సిలిండర్ మాస్క్ లేకుండా వెనకాలే లోపలికి పరిగెత్తకండి, ఇలాంటి చోట్ల రెండో మనిషి పోయేది అలాగే.